కాగితం లేని ఊళ్లో పుస్తకాల పురుగు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత లైబ్రేరియన్ ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు. ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాయనా, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. కాగితాల గురించి మాట్లాడటానికి వచ్చి కాగితాలు పారేసుకుంటే ఏం బాగుంటుంది?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుపుకుంటాం. ఎవరో ఒకరు వచ్చి పుస్తకం గొప్పదనం చెబుతారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ చెప్పాను. చిరిగిన చొక్కా మాట నేనే ఎన్నిసార్లు అని ఉంటానో! ఈసారి ఆ మాటలేవీ వద్దనుకున్నాను. ఒక జపాన్ నవల గురించి చెబుతాను. ఒక నవల అంటే సరిపోదు లెండి, 33 సంపుటాలు. కంగారుపడకండి, అన్నీ చెప్పను.

ఇది నాకెలా తెలిసిందో ముందు చెప్పాలి. నేను రిటైరయ్యే ముందు ఏడాది, గ్రూప్ పరీక్షలకి చదువుకునే కుర్రాడొకడు రోజూ మా లైబ్రరీకి వచ్చేవాడు. ఒకరోజు కౌంటర్ దగ్గరికొచ్చి, "మేడమ్, లైట్ నవల్స్ ఏమైనా ఉన్నాయా?" అన్నాడు. తేలికపాటి నవలలు అనుకున్నాను. వారపత్రికల సీరియళ్లు బైండు చేయించిన బీరువా ఉంటుంది కదా, అటు చూపించాను. వాడు పాపం అక్కడిదాకా వెళ్లి, చూసి, నవ్వాపుకుంటూ తిరిగొచ్చాడు. ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. పొడుగు జుట్టు చిన్నపిల్ల, చేతిలో పుస్తకం. "పుస్తకాల పురుగు కథ మేడమ్, మీకు నచ్చుతుంది" అన్నాడు. నాకు పురుగనగానే ఏం గుర్తొస్తుంది చెప్పండి? అట్టల్లో జిగురు తినేసే పురుగు, నాఫ్తలీన్ ఉండలు. అదీ నా పరిస్థితి.

లైట్ నవల అంటే తేలికపాటిదని కాదు. ఆ ఇంగ్లీషు మాటని జపాన్ వాళ్లే తయారు చేసుకున్నారు. ఎక్కువగా కుర్రవాళ్ల కోసం, సంభాషణలు ఎక్కువగా, మధ్యమధ్య బొమ్మలతో వచ్చే నవల అది. బాగా నడిస్తే మాంగా అవుతుంది, అంటే బొమ్మల కథ. ఇంకా నడిస్తే అనిమే, అంటే కదిలే బొమ్మల సీరియల్. మన దగ్గర సీరియల్ నవల సినిమా అయ్యేది చూడండి, ఆ దారే.

ఈ కథ పేరు జపనీస్‌లో హోన్‌జుకి నో గెకొకుజో. హోన్‌జుకి అంటే పుస్తకాలంటే పడి చచ్చేవాళ్లు. గెకొకుజో పాత మాట. జపాన్‌లో రాజ్యాలు ఒకదాన్నొకటి మింగేసుకున్న కాలం ఒకటుంది. అప్పుడు కిందివాడు పైవాణ్ని పడగొట్టి ఆ పీఠమెక్కితే గెకొకుజో అనేవారు. అంటే ఏమిటి? పుస్తకాల పిచ్చిది కత్తి పట్టకుండా సింహాసనం దాకా ఎక్కడం. దానికింద ఉపశీర్షిక ఇంకా బాగుంటుంది: లైబ్రేరియన్ కావాలంటే దారి మంచిదా చెడ్డదా అని చూసుకునే తీరిక లేదు, అని. లైబ్రేరియన్ ఉద్యోగం కోసం ఇంత తెగింపు చూపించిన కథానాయిక ఇంకెక్కడైనా ఉందా? నేనైతే చూడలేదు. నేను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు మీద వచ్చినదాన్ని.

రాసినావిడ మియా కజుకి. బొమ్మలు వేసింది యూ షీనా. ఇక్కడొక తమాషా ఉంది, అది చెప్పి కథలోకి వెళ్తాను. ఇది మొదట పుస్తకంగా రాలేదు. జపాన్‌లో ఎవరైనా కథ రాసి పెట్టుకోగలిగే వెబ్‌సైటు ఒకటుంది. 2013 సెప్టెంబరులో అందులో మొదలుపెట్టి 2017 మార్చి దాకా రాశారావిడ. 677 అధ్యాయాలు. అన్నీ ఉచితం. ఎవరైనా ఫోన్లో చదువుకోవచ్చు. 2015 జనవరిలో టీవో బుక్స్ అనే సంస్థ అచ్చు వెయ్యడం మొదలుపెట్టింది. ఆఖరి సంపుటం 2023 డిసెంబరులో వచ్చింది. కాగితం దొరక్క అల్లాడిపోయే పిల్ల కథ పుట్టిందేమో కాగితంతో పనే లేనిచోట. ఉచితంగా దొరుకుతున్నది 33 సంపుటాలు డబ్బులు పెట్టి కొన్నారు జనం. ఎందుకు కొన్నారంటారు? దీనికి నేను జవాబు చెప్పను, కథ విన్నాక మీరే చెప్పండి.

కథలోకి వస్తాను. ఉరానో అని ఒక అమ్మాయి. ఇంటిపేరు మోతోసు. ఆ ఇంటిపేరు రాసే అక్షరాల్లోనే పుస్తకం అనే అక్షరం ఉంది, చూడండి రచయిత్రి కొంటెతనం. చదువు పూర్తవుతోంది, లైబ్రేరియన్ ఉద్యోగం చేతికొచ్చింది. అప్పుడు భూకంపం. బీరువాల్లోంచి పుస్తకాలు మీద పడి చచ్చిపోతుంది. పుస్తకాల కిందపడి చావడం! పైగా చచ్చేటప్పుడు కోరుకునేదేమిటి? ఇంకో జన్మంటూ ఉంటే అక్కడా పుస్తకాలు చదువుకోవాలని.

పునర్జన్మ మనకి కొత్త కాదు. జపాన్‌లోనూ ఇప్పుడు ఇలాంటి కథలు కోకొల్లలు. ఇసెకై అంటారు, వేరే లోకం అని. మామూలుగా వాటిలో ఏమవుతుంది? కుర్రాడు లారీ కిందో దేనికిందో పడతాడు, వేరే లోకంలో కళ్లు తెరుస్తాడు, తెరిచేసరికి వాడికి అంతులేని శక్తులు. ఇక్కడ మన పిల్ల కళ్లు తెరిచేసరికి ఐదేళ్ల మైన్. నాలుగడుగులు వేస్తే జ్వరం. నాన్న గుంటర్ ఊరి గుమ్మం దగ్గర కాపలా సైనికుడు. అమ్మ ఎఫా అద్దకం పనికి వెళ్తుంది. అక్క తూరి. ఇల్లంతా వెతికింది పిల్ల. ఒక్క పుస్తకం లేదు. పుస్తకం సరే, కాగితం ముక్క లేదు. అక్షరం లేదు. పుస్తకం చదివేంత చదువు ఇంట్లో ఎవరికీ రాదు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. ఇంట్లో అక్షరమే లేకపోవడం అంటే ఏమిటో మీలో ఎంతమంది ఊహించగలరు? ఇప్పుడు సబ్బు మీద అక్షరాలు, బిస్కెట్ మీద అక్షరాలు. పల్లీలు కొంటే పొట్లం కట్టిన కాగితం మీద సగం కథ ఉండేది, మిగతా సగం కోసం నేను మళ్లీ పల్లీలు కొన్న రోజులున్నాయి. మైన్‌కి ఆ పొట్లం కాగితం కూడా లేదు. బజార్లో ఒక్కసారి పుస్తకం కంటపడుతుంది. అది చేత్తో రాసింది, తోలు మీద. దొరలు తప్ప కొనలేరు. నాన్న జీతంతో అటువంటిది కలలో మాట.

ఆ పిల్లకి మొదట దొరికిందేమిటో తెలుసా? పలక. అవును, మన పలకా బలపమే. గుమ్మం దగ్గర లెక్కలు రాసే ఓట్టో అనే అతను ఒకప్పుడు వ్యాపారి, ఇప్పుడు సైనికుడు. పిల్ల లెక్కల్లో సాయం చేస్తుంటే పలక ఇచ్చి అక్షరాలు నేర్పుతాడు. రాత్రి ఇంట్లో ఆ పలక మీద రాస్తుంది, చెరుపుతుంది, మళ్లీ రాస్తుంది. ఆ చెరపడం దగ్గరే కదా బాధంతా. పలక మీద రాసింది రేపటికి ఉండదు. మన చిన్నప్పుడు పలక మీద వేసిన బొమ్మ అమ్మకి చూపించేలోపు తమ్ముడు ఉమ్మితో తుడిచేస్తే ఏడ్చిన ఏడుపు గుర్తుందా? అది.

కొనలేనంటే మరి ఏం చేస్తుంది? తనే చేసుకుంటుంది. ఈ కథంతా ఇక్కడుంది. పుస్తకాలు లేవా, అయితే నేనే చేస్తాను. చెప్పడం తేలికే.

మొదట గడ్డిపీచుతో. ఈజిప్టు వాళ్లు పపైరస్ చేశారు కదా అని, సన్నటి పీచులు అడ్డంగా నిలువుగా అల్లుతుంది. రోజుల తరబడి అల్లితే అరచేయంత ముక్క. ఈ లెక్కన ఒక పుస్తకం కావాలంటే ఎన్నేళ్లు? వదిలేసింది. తర్వాత మట్టి పలకలు. మెసపొటేమియా వాళ్ల పద్ధతి. బంకమట్టి తెచ్చి పలకలు చేసి ఆరబెడితే కుర్రాళ్లు తొక్కేశారు. మళ్లీ చేసింది. కాలిస్తే పగిలి పేలిపోయాయి. తర్వాత చెక్క పేళ్లు. చైనాలోనూ జపాన్‌లోనూ పూర్వం వాటి మీదే రాసేవారు. లుట్జ్ అని పక్కింటి పిల్లాడు, వాడిదీ ఐదేళ్ల వయసే, అడవిలో కట్టె చెక్కి ఇచ్చాడు. రాయడానికి పొయ్యిలో మసి. ఆ మసి కోసం ఇంట్లో పొయ్యిలో దూరి ఒళ్లంతా పూసుకుని అమ్మతో తిట్లు తిన్నది. చివరికి ఆ పేళ్లు ఏమయ్యాయి? వాళ్లమ్మ పొయ్యిలో పెట్టేసింది. ఆవిడ తప్పేముంది? ఇంట్లో మూలన ఎండిన పుల్లలున్నాయి, చలికాలం, వంట చెయ్యాలి. ఆవిడకి అవి పుల్లలే.

నన్నడిగితే మొత్తం 33 సంపుటాల్లోనూ ఇంతకన్నా మంచి ఘట్టం లేదు. విలన్ లేడు, శత్రువు లేడు. చదువు రాని తల్లి, చదువుకి అల్లాడే పిల్ల, మధ్యలో పొయ్యి. మన ఇళ్లల్లో జరగలేదా? తాతగారు పోయాక ఆయన తాటాకు కట్టలు అటక మీంచి దించి నీళ్లపొయ్యిలో పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. నా చేతికి కొన్ని కాలిన అంచులతోనే వచ్చాయి.

తాటాకు అన్నాను కాబట్టి, మాస్టారు మొహం చూస్తే తెలుస్తోంది ఆయన ఏమడగబోతున్నారో. తాటాకు మీద గంటంతో గీసి మసి పూస్తే సరిపోయేది కదా, ఇంత తిప్పలెందుకు? మాస్టారూ, ఆ ఊళ్లో చలికాలమంతా మంచు. ఇంట్లోంచి బయటికి కదలడానికి లేదు. తాటిచెట్టు ఎక్కణ్నుంచి వస్తుంది? చుట్టూ ఏది మొలిస్తే దానిమీదే రాసుకుంటాం. జపాన్‌లో కోజో అనే చెట్టు మొలిచింది, దాని నారతో కాగితం చేశారు. అందుకే మైన్ చివరికి తనకి తెలిసిన ఆ పద్ధతికే వచ్చింది.

జపాన్ చేతి కాగితాన్ని వాషి అంటారు. 2014లో యునెస్కో మూడు ప్రాంతాల వాషి తయారీని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. కథలో ఐదారేళ్ల పిల్లలిద్దరు చేసే పని తెలియాలంటే అసలు పని ఎలా ఉంటుందో చెప్పాలి. కోజో కొమ్మలు చలికాలంలో కొడతారు. ఆవిరిలో ఉడికించి బెరడు ఒలుస్తారు. పైన నల్ల పొర గీకేసి లోపలి తెల్ల నార తీస్తారు. ఆ నారని బూడిద నీళ్లలో గంటల తరబడి ఉడకబెడతారు. పారే నీళ్లలో ఉంచుతారు, చెత్త ఏరుతారు. సుత్తితో కొడతారు, కొడతారు, దూదిలా విడిపోయేదాకా కొడతారు. అప్పుడు తొట్టిలో నీళ్లలో కలిపి ఒక జిగురు వేస్తారు. ఆ జిగురు ఏ మొక్క వేరులోంచి వస్తుందో తెలుసా? మన బెండ జాతి మొక్కే అది. బెండకాయ కోస్తే చేతికంటే జిగట ఉంటుందే, అదే బాపతు. అది అతికించడానికి కాదు సుమా. నార అడుక్కి దిగిపోకుండా నీళ్లంతటా సమంగా తేలాలి, నీళ్లు తెరలోంచి నెమ్మదిగా జారాలి, దానికి. సన్నటి పుల్లలతో అల్లిన తెరని తొట్టిలో ముంచి ఎత్తి ముందుకీ వెనక్కీ ఊపుతారు. తెర మీద పల్చటి పొర నిలుస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువు పెట్టి నీరు పిండి, చెక్క మీద పరిచి ఎండబెడతారు. అప్పుడు ఒక కాగితం.

మైన్‌కి ఇదంతా తెలుసు. ఎలా తెలుసు? పుస్తకంలో చదివింది. చేతులు మాత్రం ఐదేళ్లవి. ఆ లోకంలో కోజో లేదు, ఆ బెండ మొక్కా లేదు. ఏ చెట్టు నార పనికొస్తుందో ఒక్కొక్కటే వెతకాలి. ఆవిరి పెట్టడానికి పెద్ద కుండ కావాలి, తెరకి చట్రం కావాలి, చట్రానికి మేకులు కావాలి. మేకులు కొనడానికి డబ్బుల్లేవు! ఇక్కడ రచయిత్రి చాలా తెలివైన పని చేసింది. చదువు ఒక్కటీ చాలదని చూపించింది. పెట్టుబడి కావాలి. బెన్నో అనే వ్యాపారి దగ్గరికి వెళ్తారు పిల్లలిద్దరూ. లుట్జ్‌కి వాళ్లింట్లో వాళ్లలా వడ్రంగి పనిలోకి వెళ్లడం ఇష్టం లేదు, వ్యాపారంలో చేరాలి. వాడికి ఉద్యోగం, ఈ పిల్లకి కాగితం. కాగితం చేసి చూపించండి అప్పుడు చూద్దాం అంటాడు బెన్నో. ఆ బేరసారాలు చదివి తీరాల్సిందే. నూనెలో మూలికలు కలిపి మైన్ చేసే తలంటు మందు ఉంటుంది, దాన్ని చేసే హక్కు అమ్ముతుంది. అక్క కోసం అల్లిన తలపువ్వుల మీద ధర మాట్లాడుతుంది. బెన్నో మంచివాడే, కానీ వ్యాపారి. పిల్లలు కదా అని ఒక్క నాణెం వదలడు. వదిలి ఉంటే నేను ఆ పుస్తకం మూసేసేదాన్ని.

ఇప్పుడు మాంగా, అనిమే సంగతి. ఈ కుర్రకారు వచ్చింది దానికోసమేనని నాకు తెలుసు, ఓపిక పట్టారు.

నవల దాదాపు అంతా మైన్ నోటి మాటగా సాగుతుంది. అదే బలం. లోపల ఇరవై దాటిన మనిషి, బయట చంటిపిల్ల. ఆ లోపలి గొణుగుడే హాస్యమంతా. నవల మొత్తం ఐదు భాగాలు. మాంగాలో మొదటి రెండు భాగాలు సుజుకా పేరుతో వచ్చాయి. మొదటి భాగం నవలలో 3 సంపుటాలైతే మాంగాలో 7 అయింది. ఎందుకు? బొమ్మలు వేయడంలో తొందరపడలేదు. చెక్క చట్రం ఎలా ఉంటుంది, తెర ఎటువైపు ఎత్తాలి, అన్నీ బొమ్మల్లో కనపడాలి కదా. నవలలో నాకు అర్థంకాని రెండు పనిముట్లు మాంగా చూశాకే అర్థమయ్యాయి. ఇంకో వింత, మాంగాలో మూడో భాగం, నాలుగో భాగం వేరే వేరే చిత్రకారులకి ఇచ్చేశారు. రెండో భాగం పూర్తికాకముందే అవీ నడుస్తున్నాయి. ఒకే పిల్ల ఒకే సమయంలో మూడుచోట్ల మూడు వయసుల్లో కనపడుతుంది. మన వారపత్రికలో ఒకే సీరియల్‌కి మూడు భాగాలు ఒకే వారం వేస్తే పాఠకులు ఊరుకుంటారా? అక్కడ ఊరుకున్నారు.

అనిమే 2019 అక్టోబరులో మొదలైంది. అజియాదో అనే స్టూడియో, దర్శకుడు మిత్సురు హొంగో. మైన్‌కి గొంతు ఇచ్చింది యూకా ఇగుచి. మూడు సీజన్లలో కలిపి 36 ఎపిసోడ్లు, 2022తో అయ్యాయి. ఈ 36 ఎపిసోడ్లలో చెప్పింది నవలలో మొదటి రెండు భాగాలే, అంటే 7 సంపుటాలు. ఆ తర్వాతి భాగం విట్ స్టూడియో చేతికి వెళ్లింది.

అనిమే మీద నాకో ఫిర్యాదుంది. నవలలో మైన్ ఎవరో, ఆ లోకంలో మాయలు మంత్రాలు ఉన్నాయో లేవో చాలా దూరం మనకి తెలియదు. తెలియకపోవడమే అందం. పేదింట్లో పిల్ల, జ్వరం, మసి, మట్టి, ఇదే లోకం అనుకుంటాం. అనిమేలో ఏం చేశారు? మొదటి ఎపిసోడ్ మొదట్లోనే ఫెర్డినాండ్ అనే ప్రధాన పూజారి ఆ పిల్ల జ్ఞాపకాల్లోకి తొంగిచూసే ఘట్టం పెట్టేశారు. అది చాలా తర్వాత రావాల్సింది. ఎందుకలా చేశారో నాకు అర్థమవుతుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్లు గడ్డి అల్లే పిల్లని ఎంతసేపు చూస్తారు? ముందు ముందు దొరలు, గుళ్లు, మంత్రాలు ఉన్నాయి, వెళ్లిపోకండి అని చెప్పుకోవడం. సరే. కానీ ఆ పిల్ల మట్టి పలక పేలినప్పుడు, ఫరవాలేదులే తర్వాత పెద్ద చోటికే వెళ్తుంది అని మనకి ముందే తెలిసిపోతే ఆ పేలుడు వినపడదు.

అయినా ఒక విషయంలో అనిమేకి దణ్ణం పెట్టాలి. మొదటి కాగితం చెక్క మీంచి ఊడి వచ్చేటప్పుడు ఆ పిల్లలిద్దరి మొహాలు. నవలలో పేజీలకి పేజీలు చదివి నేను ఊహించుకున్నది అక్కడ కళ్లముందు కనిపించింది. బొమ్మల్లో పెద్ద ఆడంబరం లేదు, కదలికలు కూడా పొదుపుగానే ఉంటాయి. ఈ కథకి అంతకన్నా అక్కర్లేదు.

మైన్ జబ్బు మాట చెప్పాలి. అది మామూలు జ్వరం కాదు. ఒంట్లో మంత్రశక్తి పెరిగి పెరిగి మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. దొరల పిల్లలకి దాన్ని బయటికి తీసే సాధనాలుంటాయి. పేదింట్లో పుడితే చావే. గొప్పవాళ్లకి వరమైనది పేదవాడికి రోగం. దీనిమీద నేను ఇంకేమీ అనను.

ఏడేళ్లకి పిల్లల్ని గుడికి తీసుకెళ్లే ఆచారం ఉంటుంది. అక్కడ తప్పిపోయి తిరుగుతూ ఒక గది ముందుకొస్తుంది మైన్. లోపల పుస్తకాలు! పరిగెత్తి వెళ్లబోతే కనపడని గోడ ఏదో తగిలి లోపలికి పోనివ్వదు. ఆ గదిలో పుస్తకాలు గొలుసులతో కట్టి ఉంటాయి. ఇది కల్పన కాదండీ. యూరప్‌లో అలాగే ఉండేవి. ఇంగ్లండ్‌లో హెర్‌ఫర్డ్ చర్చిలో గొలుసు పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. గొలుసు చిక్కుపడకుండా పుస్తకం వీపు లోపలికి, పేజీల అంచు బయటికి పెట్టేవారు. మనం పుస్తకం పట్టుకెళ్లి ఏడాదైనా తెచ్చివ్వని పెద్దమనుషుల్ని చూసినప్పుడు ఆ గొలుసులు గుర్తొస్తాయి నాకు. నవ్వకండి, మీలోనే ఉన్నారు.

ఆ గదిలోకి వెళ్లాలంటే గుడిలో చేరాలి. చేరిపోతుంది. తర్వాత ఆ గది సర్దే పని దొరికినప్పుడు దశాంశ వర్గీకరణ, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లు వేసి సర్దడం, మొదలుపెడుతుంది! నేను చదువుతూ లేచి నిలబడ్డాను. మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన పద్ధతి మనకి తెలుసు, మీ వెనక బీరువాలో తెలుగు సాహిత్యం 894.827 కింద ఉంటుంది. జపాన్ వాళ్లకి వాళ్లది వేరే ఉంది, 1929లో కియోషి మోరి చేసింది. ఈ పిల్ల దాన్నే ఆ లోకానికి సరిపడేలా మార్చుకుంటుంది. జ్వరంతో లేవలేని పిల్ల పుస్తకాలకి నంబర్లు వేస్తూ ఆనందంతో ఊగిపోతుంటే పక్కనున్నవాళ్లు దీనికేమైందని చూస్తుంటారు. మా ఆయన నన్నలాగే చూసేవారు.

ఇక అచ్చు. కాగితం వచ్చింది, ఒక్కొక్కటీ చేత్తో రాస్తే ఎన్ని రాస్తాం? గుడిలో తిండికి గతిలేని అనాథ పిల్లలుంటారు. వాళ్లకి తిండి పెట్టి, పని నేర్పి, వాళ్లతో కాగితం చేయించి, బొమ్మల పుస్తకం అచ్చు వేయిస్తుంది. కాగితంలో ఆకారాలు కత్తిరించి, ఆ కంతల్లోంచి సిరా పూసి. తర్వాత యోహాన్ అనే కమ్మరి కుర్రాడు లోహపు అక్షరాలు పోసి ఇస్తాడు. పట్టలేని ఆనందంతో వాడికి గుటెన్‌బర్గ్ అని, యూరప్‌లో లోహపు అక్షరాలతో అచ్చు వేసినాయన పేరు, బిరుదు ఇచ్చేస్తుంది. వాడికి ఆ మాటేమిటో తెలియదు, పారిపోవాలని చూస్తాడు.

మధ్యలో మైనపు కాగితం మీద గీసి అచ్చు వేసే పద్ధతి ఒకటి వస్తుంది. జపాన్‌లో దాన్ని గారిబాన్ అంటారు. 1894లో హొరీ షింజిరో అనే ఆయన తయారు చేశారు. అక్కడి బళ్లలో ప్రశ్నపత్రాలు, కరపత్రాలు దాంతోనే వేసేవారు. ఇక్కడ ఎవరికైనా ఏదైనా గుర్తొస్తోందా? అదే, సైక్లోస్టైల్! మా కాలేజీలో మేం నలుగురం కలిసి ఒక పత్రిక తెచ్చేవాళ్లం. తెలుగు టైపు దొరకదు కాబట్టి స్టెన్సిల్ మీద ఇనప ములికితో రాయాలి. మెల్లిగా రాస్తే అచ్చు పడదు, గట్టిగా రాస్తే "ఠ" మధ్యలో ముక్క ఊడిపోతుంది. సున్నాలున్న అక్షరాలన్నీ గండాలే. రోలరు తిప్పిన చేతికి ఆ నల్ల సిరా రెండు రోజులు పోయేది కాదు. అరవై కాపీలు తీసేసరికి స్టెన్సిల్ ముడతపడి నా కవిత సగం కొట్టుకుపోయింది. ఆ కవితకి అదే మంచిది లెండి. మైన్ ఆ పద్ధతితో ఏం వేసిందో తెలుసా? ఫెర్డినాండ్ బొమ్మలు. ఆయనకి తెలియకుండా. ఆయన వాద్యకచేరీ పెట్టించి, ఆయనంటే మనసుపడ్డ గొప్పింటి ఆడవాళ్లకి ఆయన బొమ్మలు అమ్మి డబ్బు చేసుకుంటుంది. తర్వాత ఆయనకి తెలిసి చివాట్లు పెట్టి నిషేధిస్తాడు. ప్రపంచంలో అచ్చు ఎక్కడ మొదలైనా దేవుడి కథల పక్కనే అందగాళ్ల బొమ్మలూ అమ్ముడుపోతాయి.

అన్నీ పొగడ్తలే చెబితే మీరు నన్ను నమ్మరు. నాలుగో భాగం నుంచి నాకు కష్టమైంది. దొరల బడి, దొరల వంశాలు, ఒక్కొక్క పేరూ గూడ్సు బండంత పొడుగు. ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకుని చదివాను. నాలుగో భాగం 9 సంపుటాలు, ఐదోది 12. దాదాపు మూడింట రెండొంతులు అదే. అక్కడే కథ బాగుంటుందని ఆ కుర్రాడు నాతో ఎంతసేపు వాదించాడో! కావచ్చు. నాకు మాత్రం మసి అంటిన చేతులే బాగున్నాయి. పైగా మైన్ స్వార్థం చిన్నది కాదు. పుస్తకం కనపడితే పక్కన మనిషి పడిపోయినా చూడదు. అనాథల్ని ఆదుకున్నది కూడా ముందు తన మనశ్శాంతి కోసం. రచయిత్రి దాన్ని దాచలేదు, అందుకు మెచ్చుకోవాలి.

ఇప్పుడు చెప్పేది రెండో భాగం చివర. చదవాలనుకునేవాళ్లు చెవులు మూసుకోండి. ఎవరూ మూసుకోలేదు. సరే.

మైన్ శక్తి సంగతి బయటపడి, ఇంటివాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. వాళ్లని కాపాడాలంటే ఒకటే దారి. మైన్ చచ్చిపోయిందని చెప్పి, వేరే పేరుతో ఆ సీమ పాలకుడికి దత్తత వెళ్లాలి. అదే ఊళ్లో ఉంటుంది. కానీ గుంటర్‌ని నాన్నా అనకూడదు, ఎఫాని అమ్మా అనకూడదు. సంతకం పెడతారు. ఆ పిల్ల చేసిన కాగితం ఆ ఊరికి వచ్చింది, ఆ పిల్ల ఇంటికి రాకుండా పోయింది.

ఇక్కడ రెండు పుస్తకాల సంగతి చెప్పాలి. మొదటిది, మైన్ తన కాగితంతో చేసుకున్న తొలి పుస్తకం. అందులో ఏం రాసిందనుకున్నారు? రాత్రిళ్లు వాళ్లమ్మ చెప్పిన కథలు. అమ్మకానికి పనికిరాని చెడిపోయిన కాగితాలు ఏరుకుని, వాటి మీద రాసి కుట్టుకుంది. పేళ్లు పొయ్యిలో పెట్టిన అమ్మ చెప్పిన కథలే. ఆ అమ్మకి అవి చదవడం రాదు.

రెండోది, దత్తత వెళ్లేముందు వాళ్లింట్లో పుట్టిన తమ్ముడిది. వాడి పేరు కమిల్. వాడి కోసం నలుపు తెలుపు బొమ్మలతో పసిపిల్లల పుస్తకం వేసింది. వెళ్లిపోయాక కూడా వాడికి పుస్తకాలు పంపుతూనే ఉంటుంది. తను తేకూడదు కాబట్టి లుట్జ్ తెస్తాడు. ఊళ్లో పిల్లల ఇళ్లల్లో ఒక్క పుస్తకం లేని రోజుల్లో వీడికి చేతినిండా పుస్తకాలు. వాడు వాటితో ఆడుకుంటాడు, అక్షరాలు నేర్చుకుంటాడు, కొత్తది ఎప్పుడు తెస్తావని లుట్జ్‌ని పీకుతుంటాడు. అవి ఎవరు చేసి పంపుతున్నారో వాడికి తెలియదు. తనకి ఇంకో అక్క ఉండేదని కూడా గుర్తులేదు.